అక్కయ్య మీద మరక

కట్టుడు పళ్ళు చేసేవాళ్ళలో రెండు రకాలుంటారు. మొదటి రకంవాళ్ళు ముత్యాల్లాంటి పళ్ళు చేసిపెడతారు. అవి పెట్టుకుని నవ్వితే ఎదుటివాళ్ళకి మనిషి కనపడడు, పళ్ళే కనపడతాయి. రెండో రకంవాళ్ళు పన్ను తయారయ్యాక కూడా దాన్ని వదలరు. చిగురు దగ్గర లేతగా పసుపు పూస్తారు, అంచున వెంట్రుకంత గీత పెడతారు, కాఫీ తాగే మనిషికి కాఫీ రంగూ సిగరెట్టు కాల్చే మనిషికి పొగ రంగూ అద్దుతారు. అవి పెట్టుకుని వెళ్తే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. మన కథలో కోడలు ఈ రెండో రకం.

పేటలో అందరూ ఆవిణ్ణి పళ్ళమ్మ అంటారు. ఆ పేరు విని పండ్ల కొట్టనుకుని సంచీ పట్టుకొచ్చిన కొత్తవాళ్ళు, బల్ల మీద వరసగా ఇకిలిస్తున్న దవడల్ని చూసి వచ్చినదారినే వెళ్ళిపోతుంటారు. పళ్ళమ్మకి అదో కాలక్షేపం.

“మరక లేని వస్తువు అబద్ధం” అన్నది ఆవిడ సిద్ధాంతం. పళ్ళ విషయంలో ఆ సిద్ధాంతం అన్నం పెట్టింది కాబట్టి ఎవరూ కాదనలేదు. చిక్కంతా విమానాల దగ్గర వచ్చింది.

విమానాల గొడవ మొగుడి పుణ్యమే. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఊరందరికీ చూపు సరిచేస్తాడు గానీ సొంత పెళ్ళాం పుట్టినరోజు మాత్రం ఆయన కంటికి ఆనదు. ఒక ఏడాది ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి, చీరలకొట్టు కట్టేశారని పక్కనే ఉన్న బొమ్మలకొట్లోంచి ప్లాస్టిక్ విమానం ముక్కలున్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. పళ్ళమ్మ పళ్ళు నూరింది. తర్వాత పెట్టె విప్పింది. తర్వాత భోజనానికి పిలిచినా లేవలేదు. ఆ ముక్కల్ని అరగదీయడానికి పనికొచ్చే ఆకురాళ్ళూ, సూదులూ, సన్నటి కుంచెలూ అన్నీ ఆవిడ బల్ల మీదే ఉన్నాయి మరి. ఇప్పుడు హాల్లో గాజు బీరువా నిండా విమానాలే. ఒక్కటీ శుభ్రంగా ఉండదు. రంగు పెచ్చులు లేచినవి, చక్రాలకి బురదంటినవి, తోక దాకా మసి పట్టినవి. ముందు విమానానికి ముచ్చటగా రంగు వేస్తుంది, ఆ మీద కూర్చుని దాన్ని పాడుచేస్తుంది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. ఈ పిల్ల కాలు కడుక్కుని మరీ అడుసు తొక్కుతుంది” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పి, ఆ బీరువా దగ్గరికి తీసుకెళ్ళి చూపించేది కూడా ఆవిడే.

ఇక మామగారి సంగతి. ఆయన విమానాల షెడ్డులో మెకానిక్కుగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఒక్క విమానంతోనే గడిచింది. రెండు ఇంజన్లతో సరుకులు మోసే పాతకాలపు విమానం. ఒంటి మీద రంగన్నది లేదు, తలనుంచి తోకదాకా వట్టి వెండి రేకే. షెడ్డులో వాళ్ళు దాన్ని అక్కయ్య అనేవాళ్ళు. “ఇవాళ అక్కయ్యకి నలతగా ఉంది”, “అక్కయ్య అలిగింది, రెండో ఇంజను పలకడం లేదు” అని మామగారు ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ రెండు ఇంజన్లలో ఎడమది ఆయన పాలిటిది. మొగుడికి అక్కయ్య అయితే తనకి ఆడపడుచే కదా అని అత్తగారు ఆ విమానాన్ని ఆడపడుచనే అనేది. “ఇంట్లో ఆడపడుచు లేదని సంబరపడి చేసుకున్నాను. ఉంది, షెడ్డులో ఉంది, నాకంటే తెల్లగా ఉంది” అని ఆవిడ ఫిర్యాదు.

అక్కయ్య ఎగరడం మానేసి చాలా ఏళ్ళయింది. షెడ్డు వెనక ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ పడి ఉంది. ఇప్పుడు ఆ స్థలం కావాలట. వచ్చే నెల దాన్ని ముక్కలుగా కోసి పాతఇనుము వాళ్ళకి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్ళు కబురు పంపారు. అంతకుముందు ఆదివారం పాత సిబ్బందినంతా పిలిచి వీడ్కోలు చేస్తారు. ఆఫీసు ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టడానికి అక్కయ్య నమూనా ఒకటి మామగారి కోడలు చేసిస్తే బాగుంటుందని అందులోనే ఒక ముక్క రాశారు.

మామగారు ఆ ముక్క పైకి చదివి, “చేస్తావా అమ్మాయ్?” అని మాత్రం అడిగాడు. కళ్ళజోడు తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

“చేస్తాను మామయ్యగారూ. కానీ అయ్యేదాకా ఎవరూ చూడకూడదు” అంది పళ్ళమ్మ. పళ్ళ దగ్గరా ఆవిడది అదే షరతు.

వెండి రంగు వేయడం మిగతా రంగుల్లాంటిది కాదు. ఇంకో రంగైతే తప్పు దాని కింద దాక్కుంటుంది. వెండి కింద వేలిముద్ర కూడా దాగదు. ముందు ప్లాస్టిక్‌ని అద్దంలా నునుపు చెయ్యాలి. దాని మీద నిగనిగలాడే నలుపు వెయ్యాలి. ఆ నలుపు మీద చిన్న గాలిపిచికారీతో వెండిని ఆవిరి పట్టినట్టు పొరలు పొరలుగా పట్టించాలి. అప్పుడు కింది నలుపు వల్ల పై వెండికి లోహపు లోతు వస్తుంది. అసలు విమానంలో రేకులన్నీ ఒకే మెరుపు ఉండవు కాబట్టి, ఒక్కో రేకు చుట్టూ టేపు అంటించి ఒక్కో ఛాయ వెండి వెయ్యాలి. చివర్న వార్నిష్ పూస్తే రంగు గట్టిపడుతుంది గానీ మెరుపు చస్తుంది. పళ్ళమ్మ వార్నిష్ జోలికి పోలేదు.

మరకలకి ఆధారం హాల్లో గోడకున్న ఫోటో. అక్కయ్య పక్కవాటుగా నిలబడి ఉంటుంది, ఎడమ ఇంజను కింద మామగారు కుర్రతనంలో పానా పట్టుకుని ఉంటాడు. నలుపు తెలుపు ఫోటో, కాలం మీద గోధుమరంగుకి తిరిగింది. పళ్ళమ్మ భూతద్దం పెట్టి చూస్తే ఎడమ ఇంజను కింద నుంచి వెనక్కి సాగిన ముదురు చార కనపడింది. పొట్ట మీద ఇంకొకటి. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. ఆయిల్! ఇంజను ఆయిల్ కారి, గాలికి వెనక్కి పాకిన చార! ఎక్కడ చిక్కగా మొదలై ఎక్కడ పలచబడిందో, చివర్న ఎలా రెండు పాయలైందో, అచ్చు గుద్దినట్టు దించింది. గోధుమ రంగూ నల్ల రంగూ కలిపి చుక్క పెట్టడం, థిన్నర్‌లో ముంచి పిండిన కుంచెతో వెనక్కి లాగడం. అలా ఎన్ని లాగుళ్ళు లాగిందో ఆవిడకే తెలియదు. తన చేతిలోంచి అంతకంటే మంచి మరక ఎన్నడూ రాలేదని మాత్రం తెలుసు.

శుక్రవారం సాయంత్రం గుడ్డ తీసి చూపించింది.

మొగుడు “అబ్బో” అన్నాడు. ఆయన దేనికైనా అబ్బో అంటాడు. అత్తగారు “అచ్చం మా ఆడపడుచే, ఆ ముక్కూ ఆ పొగరూ” అంది. మామగారు కుర్చీ దగ్గరికి లాక్కుని వంగి, తోక చూశాడు, రెక్కలు చూశాడు. చూస్తుంటే ముఖం చిన్నపిల్లాడిదైపోయింది. అలా చూస్తూ చూస్తూ ఎడమ ఇంజను దగ్గరికొచ్చి ఆగాడు.

“ఇదేమిటి?”

“ఆయిలండీ” అంది పళ్ళమ్మ గర్వంగా.

“ఎవరి ఆయిలు?”

“ఎవరిదేమిటి మామయ్యగారూ, ఇంజనుదే.”

మామగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

పళ్ళమ్మకి తల కొట్టేసినట్టయింది. బీరువాలో ఉన్న విమానాలన్నిటికీ మసీ మడ్డీ పూసినా ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. అత్తగారు గిన్నెలు సర్దుతూ నెమ్మదిగా చెప్పింది.

“నీ బొమ్మలో తప్పేమిటో నాకు తెలీదు గానీ, ఆయన రోజూ ఆ ఇంజను కింద తెల్లగుడ్డ పరిచేవాడే. పొద్దున్నే తీసి, చుక్క పడిందా లేదా అని చూసుకునేవాడు. పడకపోతే ఆ గుడ్డ ఇంటికి తెచ్చి నాకు చూపించేవాడు. ఏం చూడాలి నేను, తెల్లగుడ్డలో? అయినా చూసేదాన్ని. నా దుప్పట్లన్నీ ఆడపడుచు కిందే చివికిపోయాయి.”

పళ్ళమ్మ గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. “ఆ రకం ఇంజన్లు ఎంత బాగా చూసుకున్నా కారతాయటండీ. పుస్తకాల్లో ఉంది.”

“కారతాయి. అన్నీ కారతాయి” అన్నాడు మామగారు గోడవైపు చూస్తూ. “నాది కారలేదు.”

“ఫోటోలో ఉంది మామయ్యగారూ. నేను కల్పించలేదు.”

“ఫోటోలో లేదు. ఉండదు.” ఇటు తిరిగాడు. “చూడమ్మాయ్. వచ్చే వారం దాన్ని కోసేస్తారు. తర్వాత మిగిలేది నీ బొమ్మొక్కటే. నేను పోయాక కూడా ఉంటుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చూస్తారు. అద్దాల పెట్టెలో నా ఇంజను ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. నేను ఆదివారం రాను. ఆ బొమ్మ కూడా వెళ్ళడానికి వీల్లేదు.”

ఇంత పెద్దమాట ఆయన ఎప్పుడూ అనలేదు. పళ్ళమ్మకి ఏడుపొచ్చింది, ఏడుపుతోపాటు రోషమూ వచ్చింది. మరకల విషయంలో తన కన్ను తప్పడమా?

తెల్లవారగానే ముఖమైనా కడగకుండా ఫోటో దింపి డైనింగు టేబులు మీద పెట్టింది. “రండి, మీరే చూడండి” అని మామగారిని పిలిచింది. కాఫీ గ్లాసుతో మొగుడూ, పొయ్యి ఆర్పేసి అత్తగారూ చేరారు. మామగారు భూతద్దంలోంచి చూశాడు. చార ఉంది. ఆయన పెదవులు బిగుసుకున్నాయి.

“అద్దం మీద మురికి” అన్నాడు.

పళ్ళమ్మ అద్దం తుడిచింది. చార పోలేదు.

“అద్దం లోపల మురికి.”

“సరే, విప్పుదాం” అంది పళ్ళమ్మ. పళ్ళు చెక్కే కత్తితో వెనక మేకులు లేపుతుంటే, “ఇప్పుడెందుకే, పాతది, చిరిగిపోతుంది” అని అత్తగారు ఎందుకో అడ్డం పడింది. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. అద్దం తీశారు. ఫోటో చుట్టూ అంచులా పెట్టిన వెడల్పాటి అట్ట కూడా తీశారు.

అట్ట కింద దాక్కున్న భాగంలో నాలుగు గుండ్రటి మచ్చలున్నాయి, పక్కపక్కనే, చింతగింజలంత. ఒక్కో మచ్చ నుంచి ఒక్కో చార మొదలై ఫోటో మీదుగా సాగింది. ఒకటి ఇంజను కింద నుంచి. ఒకటి పొట్ట మీద నుంచి. మిగిలిన రెండూ నేల మీద నుంచి. ఆ రెంటినీ పళ్ళమ్మ నీడలనుకుంది.

నాలుగు వేళ్ళు. చిన్నపిల్లాడి వేళ్ళు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్నది పాతమాట. ఇక్కడ కళ్ళజోళ్ళ షాపాయన కాఫీ గ్లాసు కింద పెట్టి బట్టతల తడుముకున్నాడు.

“నాన్నా,” అన్నాడు, “అది తలనూనె అనుకుంటాను.”

“నువ్వనుకునేదేమిట్రా!” అన్నాడు మామగారు.

“అమ్మ తలంటేముందు డబ్బాడు నూనె పట్టించేది కదా. చెయ్యి జిడ్డుగా ఉండి, విమానం ఎగురుతుందేమోనని ఇలా తోశాను. రెండోసారి తోయకుండా అమ్మ వచ్చేసింది.”

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో మూతి కప్పుకుంది.

“ఏం చెయ్యమంటారు? ఫోటో మీరు చూస్తే వీడి వీపు చిట్లగొడతారాయె! అందుకే మీరు డ్యూటీకి వెళ్ళగానే ఫ్రేము కట్టే అతని దగ్గరికి పరిగెత్తి, వేళ్ళు పడ్డచోటు కనపడకుండా వెడల్పాటి అట్ట వేయించాను. చారలు పల్చగా ఉండేవి అప్పుడు. కాలం గడిచి ఇలా ముదురుతాయని నాకేం తెలుసు?”

“అంటే,” అంది పళ్ళమ్మ కుర్చీలో కూలబడుతూ, “నేను ఇన్నాళ్ళూ కూర్చుని మీ అబ్బాయి తలనూనె పెయింటు చేశానా?”

అంత నూనె పట్టించినా ఉన్న జుట్టు నిలవలేదని మామగారు అన్నాడు. ఆ మాటతో అత్తగారి నవ్వు బయటపడింది, ఆ వెనకే అందరిదీ. పళ్ళమ్మ నవ్వింది గానీ లోపల చివుక్కుమంది. ఎన్నో నోళ్ళలో ఎన్నో మరకలు పోల్చిన మనిషి, విమానం మీది మరకకీ ఫోటో మీది మరకకీ తేడా తెలుసుకోలేకపోయింది. పైగా దానికోసం పెద్దాయన్ని ఒక పూట పస్తు పెట్టింది.

“తుడిచేస్తాను మామయ్యగారూ. రేపటికల్లా తుడిచేస్తాను.”

తుడవడం అనుకున్నంత సులువా? వార్నిష్ వెయ్యలేదాయె. పళ్ళ ల్యాబులో వాడే పత్తిపుల్ల థిన్నర్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి అద్దింది. పొట్ట మీది చార బుద్ధిగా వచ్చేసింది. ఇంజను కింది చార మాత్రం పోతూ పోతూ వెండిని కూడా వెంటబెట్టుకుపోయింది. ఇంజను తొడుగు మీద ఒక రేకు మొత్తం కింది నలుపు బయటపడింది. చార పోయి, నోట్లో పుచ్చుపన్నులా నల్లటి కంత మిగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పళ్ళమ్మ పత్తిపుల్ల కింద పడేసి రెండు చేతుల్తో ముఖం మూసుకుంది.

వెనక నుంచి మామగారు వంగి చూశాడు. తిడతాడనుకుంది. ఆయన ఆ నల్లటి రేకు దగ్గర వేలు చూపించి, “ఏ రేకమ్మా ఇది? కింద నుంచి రెండోదేనా?” అన్నాడు.

“అవునండీ.”

“అయితే మంచిదే. అది మార్చాం మేము. పక్షి తగిలి సొట్టపడితే కొత్త రేకు వేశాం. కొత్తదీ పాతదీ కలిస్తేగా! ఎంత పాలిషు పట్టినా అరువు తెచ్చిన పన్నులా విడిగానే మెరిసేది.”

పళ్ళమ్మ చేతులు తీసి చూసింది. “ఎలా మెరిసేది? నీలంగానా, పసుపుగానా?”

“కొంచెం... పాలు కలిపినట్టు.”

ఆ తర్వాత శనివారమంతా ఆ గదిలో ఇద్దరే. పళ్ళమ్మ ఆ ఒక్క రేకు చుట్టూ టేపు అంటించింది. తడిపి నునుపు చేసి, ఆరబెట్టి మళ్ళీ నలుపు వేసింది, నలుపు మీద పాలు కలిపిన వెండి పట్టించింది. టేపు లాగి చూస్తే మామగారు “ఆ, అదే దొంగరేకు” అని చప్పట్లు కొట్టాడు. అప్పుడడిగింది.

“మామయ్యగారూ, ఆయిల్ మరక లేదు, ఒప్పుకున్నాను. అసలు ఏ మరకా లేదా?”

“నా అక్కయ్య మీద మరకలా?” అని ముందు కస్సుమన్నాడు. తర్వాత నమూనా రెక్క కేసి చూశాడు. “మరకలు కావు గానీ... రెక్క మొదట్లో బూట్లు రాసుకుని రాసుకుని గరుకయ్యేది. ఎక్కేది అక్కడినుంచేగా.”

పళ్ళమ్మ కుంచె తీసింది.

“పెట్రోలు మూత చుట్టూ స్క్రూడ్రైవరు జారిన గీతలుండేవి. నావి కావు, కుడి ఇంజనువాడివి. వాడికి తొందరెక్కువ. గుమ్మం కింద సరుకు పెట్టెలు తగిలి సొట్టలు. పెద్దవి కావులే, పైపైన. పంకా రెక్కల అంచులు ఇసక కొట్టి కొట్టి మాసిపోయేవి...”

చెప్పేకొద్దీ ఆయనకి గుర్తుకొచ్చాయి, గుర్తుకొచ్చేకొద్దీ కుర్చీ ముందుకు జరిగింది. కాసేపటికి “అంత కాదు, తగ్గించు”, “ఇంకాస్త వెనక్కి” అని మేస్త్రీపని మొదలుపెట్టాడు. అత్తగారు రెండుసార్లు కాఫీ తెచ్చి, రెండుసార్లూ చల్లారిన గ్లాసులు తీసుకుపోయింది. పళ్ళమ్మకి అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ తను విమానాల మీద వేసినదంతా వానా, దుమ్మూ, నిర్లక్ష్యమూ. మనుషులు ముట్టుకున్న గుర్తు ఒక్కటీ వెయ్యలేదు.

“ఇంకేమైనా ఉందా?” అంది చివర్న.

మామగారు తటపటాయించాడు. “ఒకటుంది. నీకు నవ్వొస్తుంది.”

“నవ్వను.”

“ఎగరబోయేముందు ఇంజను తొడుగు మీద ఇక్కడ అరచెయ్యి ఆనించేవాణ్ణి. రోజూ.”

“వేడి చూడ్డానికా?”

“చల్లటి ఇంజనుకి వేడేమిటి? వెళ్ళి రమ్మని. చెమటచెయ్యి కదా, అక్కడ మెరుపు చచ్చిపోయింది. పాలిషు పట్టినా తిరిగి రాలేదు.”

“మరకే కదండీ మరి” అంది పళ్ళమ్మ ఆటపట్టిస్తూ.

“మరక కాదమ్మాయ్” అన్నాడాయన. “చెయ్యి.”

పళ్ళమ్మ సూది మొనని వార్నిష్‌లో ముంచి, ఆయన చూపించినచోట ఆవగింజలో సగమంత మెరుపు చంపింది.

ఆదివారం షెడ్డులో పాతవాళ్ళంతా చేరారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నమూనా ఉన్న పెట్టెని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టగానే తలలన్నీ దాని మీదికి వంగాయి. కుడి ఇంజనాయన పెట్రోలు మూత దగ్గరి గీతలు చూసి, “ఇవెవరు చెప్పారు?” అని మామగారి వైపు ఉరిమి చూశాడు. అక్కయ్యని నడిపిన కెప్టెన్‌గారు అందరికంటే పెద్దాయన. భూతద్దం అడిగి పుచ్చుకుని, ఎడమ ఇంజను దగ్గర చాలాసేపు ఆగాడు.

“ఈ చుక్క...” అన్నాడు. “ఇక్కడ ఈయన చెయ్యి ఉండేది. నా సీట్లోంచి కనపడేది. ఆ చెయ్యి తీస్తేగానీ నేను ఇంజను తిప్పేవాణ్ణి కాదు.”

మామగారు నేలచూపులు చూశాడు. పైనుంచి ఒకరు తనని చూస్తున్నట్టు ఇంతకాలం ఆయనకి తెలియదు. కెప్టెన్‌గారు నవ్వాడు. ఆ పళ్ళు పళ్ళమ్మ చేసినవే. కాఫీ రంగు బాగా కుదిరిందని ఆవిడ మనసులో అనుకుంది.

తర్వాత అందరూ పలహారాల బల్ల మీద పడ్డారు. కళ్ళజోళ్ళ షాపాయన అందరికంటే ముందున్నాడు. మామగారు కోడలి వైపు చూసి, “రా, పరిచయం చేస్తాను” అని షెడ్డు వెనక్కి దారితీశాడు.

అక్కయ్యని పళ్ళమ్మ ఎదురుగా చూడడం అదే మొదలు. పెద్దది. తను చేసినదానికంటే దిగాలుగా ఉంది. వెండి మొత్తం బూడిదరంగుకి తిరిగింది. రెక్క కింద నుంచి తల వంచుకుని అవతలికి వచ్చేసరికి, మామగారి కంటే ముందు పళ్ళమ్మకే కనపడింది. ఎడమ ఇంజను కింద నుంచి వెనక్కి సాగిన నల్లటి చార. చిక్కగా మొదలై, పలచబడి, చివర్న రెండు పాయలై. కింద సిమెంటు మీద అరచేతి వెడల్పున నల్లటి మడ్డి.

రెండు రోజుల కిందటైతే ఎగిరి గంతేసేదే. ఇప్పుడు మాత్రం ఇది ఆయన కంట పడకపోతే చాలనుకుంది. ఎలా పడకుండా ఉంటుంది?

మామగారు ఆగిపోయాడు. ఆ చార కేసి చూస్తూ నిలబడ్డాడు, చాలాసేపు. పలహారాల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. ఆయన జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. ఇంజను తొడుగు ఆ చివర నుంచి ఈ చివరదాకా వత్తి తుడిచాడు. రుమాలు మడత తిప్పి మళ్ళీ తుడిచాడు. తుడిచి, నలుపు లోపలికి పోయేలా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా పాడైపోతుందని కూడా చూసుకోలేదు.

“దుమ్ము” అన్నాడు. “ఇన్నేళ్ళ దుమ్ము.”

“అవునండీ, దుమ్మే” అంది పళ్ళమ్మ.

ఆయన పాత చోటు వెతుక్కుని తొడుగు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెయ్యి తీసి, కళ్ళు చెమ్మగిల్లినా తలెత్తుకుని కోడలి వైపు తిరిగాడు.

“చూడమ్మాయ్, నీది మరకలు పట్టే కన్ను కదా. ఉందా ఎక్కడైనా?”

పళ్ళమ్మ వంగి, ఇంజనంతా శ్రద్ధగా చూసింది.

“లేదు మామయ్యగారూ. ఒక్కటి కూడా లేదు.”

ఆయన తల పంకించి, కెప్టెన్‌గారు పిలుస్తుంటే అటు తిరిగాడు. వెనక టప్‌మని ఒక చుక్క సిమెంటు మీద రాలింది. మరక లేని వస్తువు అబద్ధమని ఇన్నాళ్ళూ వాదిస్తూ వచ్చిన పళ్ళమ్మ ఒక అడుగు పక్కకి వేసి, కొత్త చెప్పుతో దాన్ని కప్పేసి నిలబడింది.